ఒక ఒరలో రెండు కత్తులు... ఒక పెట్టెలో రెండు పాములు!

"వంటల పేజీ పక్కన ఈ పాముల గోలేమిటమ్మా?" అని మొహం చిట్లించకండి. మీ అమ్మాయో, అబ్బాయో, ఆడపడుచు పిల్లలో అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్నారా? అయితే ఏదో ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్లో ఈ కబురు మీ చెవిన కూడా పడొచ్చు. "అమ్మమ్మా, నేనొక పామును పెంచుకుంటున్నా!"

నాకు పడింది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి దణ్ణం పెట్టుకునే చేతులు మనవి. పాము పుట్టలో ఉంటేనే దేవుడు, గడప దాటి లోపలికి వస్తే గుండె ఆగినంత పని. అలాంటిది ఇంట్లో, అద్దాల పెట్టెలో పెట్టుకుని, పేరు పెట్టి పిలుస్తున్నాడు మా మనవడు! 2023 వేసవిలో టెక్సాస్‌లోని మా పెద్దమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మొదటి వారమంతా నేను ఆ గది ఛాయలకే పోలేదు.

కానీ ఆ ఆరు నెలల్లో నేను నేర్చుకున్న సంగతి ఒకటుంది. అది పాములు పెంచేవాళ్ళకే కాదు, నోరులేని ఏ జీవినైనా ఇంటికి తెచ్చుకునే వాళ్ళందరికీ పనికొస్తుంది. అందుకే ఇంత ధైర్యంగా మీ ముందుకు తెచ్చాను. కాస్త ఓపిగ్గా చదవండి.

సుబ్బారాయుడికి తోడు దొరికాడు!

మావాడి దగ్గరున్నది కార్న్ స్నేక్. అంటే మొక్కజొన్న పాము. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పొలాల్లో, అడవుల్లో తిరిగే విషం లేని పాము. మన జెర్రిపోతులాగే ఎలుకలు దాని ఆహారం. మొక్కజొన్న గాదెల దగ్గర ఎలుకల కోసం తిరుగుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. పొట్ట మీది గళ్ళు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా ఉంటాయి కాబట్టి అని ఇంకొందరు. నారింజ రంగు ఒళ్ళు, దాని మీద ఎర్రటి మచ్చలు. వాడేదో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాడు గానీ నేను మాత్రం "సుబ్బారాయుడు" అనే పిలిచాను.

రెండు వారాలు గడిచాయో లేదో, మనవడి స్నేహితుడి కుటుంబం వేరే ఊరికి మారుతూ వాళ్ళ పామును మా వాడి చేతిలో పెట్టి వెళ్ళారు. అది బాల్ పైథాన్. పశ్చిమాఫ్రికా దేశాలైన ఘనా, టోగో, బెనిన్‌ల ప్రాంతం నుంచి వచ్చిన జాతి. మన కొండచిలువకు చుట్టమే గానీ, నాలుగైదడుగులకు మించి పెరగటం తక్కువ. భయం వేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. అందుకని దానికి "బంతి" అని పేరు పెట్టాను.

పాము వచ్చింది గానీ పెట్టె రాలేదు. "ప్రస్తుతానికి సుబ్బారాయుడి పెట్టెలో వేద్దాంలే, నాలుగడుగుల పెట్టె ఉందిగా, పాపం వాడికీ తోడుంటుంది" అన్నాం అందరం. అన్నవాళ్ళలో నేనే ముందున్నాను! ఒంటరిగా ఉన్న ప్రాణిని చూస్తే మనసు ఊరుకోదు కదా మనకి.

రాత్రికల్లా రెండూ ఒకే గూట్లో, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. నేను మురిసిపోయి ఫొటో తీసి గుంటూరులో మా చెల్లెలికి పంపాను. "చూశావటే, అన్నదమ్ముల్లా ఎలా పడుకున్నాయో!"

అది నా అజ్ఞానం. ఎంత అజ్ఞానమో ఆరు వారాల తర్వాత తెలిసింది.

కౌగిలి కాదమ్మా, కొట్లాట

మొదట సుబ్బారాయుడు ఒక వారం తిండి ముట్టలేదు. "వేసవి కదా" అనుకున్నాం. తర్వాత ఒకరోజు పెట్టెలో మూల కక్కేసిన ఎలుక కనబడింది. ఎవరు కక్కారు? తెలియదు. ఇద్దరూ ఏమీ ఎరగనట్టే పడుకుని ఉన్నారు. అయిదో వారంలో మనవడు త్రాసు తెచ్చి తూచి చూస్తే సుబ్బారాయుడి బరువు బాగా తగ్గింది. నీళ్ళ గిన్నెలో నల్లటి ఆవగింజల్లో సగమంత చుక్కలు తేలుతున్నాయి. ఇక లాభం లేదని పాములకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. అవునండీ, అక్కడ పాములకీ డాక్టర్లున్నారు!

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయా?" అని. అవునన్నాం. ఆవిడ మమ్మల్ని కోప్పడలేదు. కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించింది.

రెండు పాములు ఒకే గూట్లో ఒకదాని మీద ఒకటి పడుకుంటే అది ప్రేమ కాదట. పెట్టెలో వెచ్చగా, చీకటిగా, భద్రంగా ఉన్న చోటు అదొక్కటే. రెండింటికీ అదే కావాలి. ఏదీ వదులుకోదు. ఆర్టీసీ బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నంత మాత్రాన చుట్టాలం అయిపోతామా? ఇదీ అంతే!

కుక్కలైతే మొరుగుతాయి, పిల్లులు రక్కుతాయి. ఇష్టం లేని సంగతి మనకు తెలిసిపోతుంది. పాము అలా కాదు. అరవదు, ఏడవదు. చాలాసార్లు బుసకొట్టటం కూడా ఉండదు. నోరు మూసుకుని సర్దుకుపోతుంది. తిండి మానేస్తుంది. లోపల్లోపల చిక్కిపోతుంది. అది కనబడేసరికి నెలలు గడిచిపోతాయి. "అడగందే అమ్మయినా పెట్టదు" అంటారు. అడగటమే తెలియని ప్రాణి గతేమిటి చెప్పండి?

తలా ఒక వాతావరణం

పాముకి మనలాగా సొంత ఒంటి వేడి ఉండదు. వెచ్చని చోటికి వెళ్ళి వేడి తెచ్చుకుంటుంది, ఎక్కువైతే చల్లని చోటికి జరుగుతుంది. తిన్నది అరగాలన్నా ఆ వేడే కావాలి. వేడి చాలకపోతే మింగిన ఎలుక లోపలే కుళ్ళిపోతుంది, లేదా కక్కేస్తుంది. అందుకే పెట్టెలో ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా ఉండేట్టు ఏర్పాటు చేస్తారు.

మరి ఎంత వేడి? ఇక్కడే వస్తుంది చిక్కంతా. కార్న్ స్నేక్‌కి వెచ్చని పక్క 29, 30 డిగ్రీల సెంటీగ్రేడు ఉంటే సరిపోతుంది. గాలిలో తేమ 40 నుంచి 60 శాతం చాలు. బాల్ పైథాన్‌కి వెచ్చని పక్క 31 నుంచి 33 డిగ్రీలు ఉండాలి. తేమ 60 శాతానికి పైనే కావాలి. తేమ తగ్గితే దాని కుబుసం ఒక్కసారిగా జారకుండా ముక్కలు ముక్కలుగా అంటుకుపోతుంది. అదే తేమలో కార్న్ స్నేక్‌ని రోజుల తరబడి ఉంచితే పొట్ట కింద చర్మం చెడిపోవచ్చు, ఊపిరి తీసుకోవటం కష్టమవ్వచ్చు.

అలవాట్లూ వేరే. సుబ్బారాయుడి జాతికి కొమ్మలెక్కటం ఇష్టం. సందె వేళ నుంచి పెట్టంతా కలియతిరుగుతాడు. బంతి జాతివాళ్ళు అడవిలో ఎలుక కలుగుల్లో, చెదల పుట్టల్లో ముడుచుకుని ఉంటారు. మన నాగుపాము పుట్టలో దూరినట్టే! ఒకడు రాత్రంతా మీదెక్కి తిరుగుతుంటే రెండోవాడికి కంటి మీద కునుకేదీ? (నిజానికి పాములకు కనురెప్పలే ఉండవు లెండి.)

ఒక స్టవ్వు మీద ఒకే మంటకి గారెలూ, పాలకోవా కలిపి చెయ్యగలమా? ఇద్దరికీ మధ్యస్తంగా పెడదాంలే అనుకుంటే ఇద్దరికీ కాకుండా పోతుంది.

తిండి దగ్గర జాగ్రత్త!

ఒకే పెట్టెలో రెండు పాములుండగా ఎలుకను వేస్తే ఏమవుతుంది? రెండూ దాన్నే పట్టుకోవచ్చు. ఒకటి ఈ కొస నుంచి, ఇంకొకటి ఆ కొస నుంచి మింగటం మొదలుపెడతాయి. పాము పళ్ళు లోపలికి వంగి ఉంటాయి. మింగటం మొదలుపెడితే వెనక్కి వదలటం కష్టం. చివరికి పెద్దది చిన్నదాన్ని కూడా మింగెయ్యొచ్చు. దాంతో రెండూ చావొచ్చు.

"తిండి పెట్టేటప్పుడు వేరుచేస్తే సరి కదా" అంటారేమో. అది మేమూ చేశాం. కానీ ఎలుక వాసన ఒంటికి పట్టి ఉంటుంది. తిరిగి పెట్టెలో వెయ్యగానే రెండోది ఆ వాసనకి మీదపడే ప్రమాదం ఉంది. పైగా తిన్న పామును చేత్తో పట్టుకుని అటూ ఇటూ మార్చితే కక్కేస్తుంది. ఒకసారి కక్కిందంటే మళ్ళీ తిండి పెట్టటానికి కనీసం పది రోజులు, రెండు వారాలు ఆగాలి.

ఇంకో భయంకరమైన సంగతి వినండి. అమెరికాలో చాలామంది పెంచే ఇంకో అందమైన పాము కింగ్ స్నేక్. తెల్లని, నల్లని పట్టీలతో చూడముచ్చటగా ఉంటుంది. దాని ఆహారంలో తోటి పాములు కూడా ఉన్నాయి! విషమున్న రాటిల్ స్నేక్‌ను సైతం చుట్టి చంపి మింగేస్తుంది. ఆ విషం దాన్ని పెద్దగా ఏమీ చెయ్యదు. అలాంటిదాన్ని సుబ్బారాయుడి పక్కన పడుకోబెడితే తెల్లవారేసరికి పెట్టెలో ఒకే పాము మిగులుతుంది. ఇది మనకు కొత్తేమీ కాదు. మన రాచనాగు తినేది ముఖ్యంగా పాములనే. కట్లపాము కూడా పాములను తింటుంది. మావాడికి ఆ రోజు దొరికింది కింగ్ స్నేక్ అయి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఒకరి జబ్బు ఇంకొకరికి

నీళ్ళ గిన్నెలో తేలిన చుక్కలు చెప్పాను కదా, అవి పాముల ఒంటి మీద నెత్తురు తాగి బతికే పురుగులు. కొత్తగా వచ్చిన బంతితో పాటు వచ్చి, సుబ్బారాయుడికీ పట్టాయి. పిల్లల తలల్లో పేలు ఒకరి నుంచి ఒకరికి ఎక్కినట్టే.

ఇది కంటికి కనబడే జబ్బు కాబట్టి బతికిపోయాం. కనబడనివి ఇంకా ఉన్నాయి. బోవా జాతి పాముల్లో కొన్ని, ఒక వైరస్‌ను ఏళ్ళ తరబడి ఒంట్లో పెట్టుకుని పైకి ఆరోగ్యంగా తిరుగుతుంటాయి. అదే వైరస్ పైథాన్‌కి సోకితే తల నిలపలేక, మెలికలు తిరిగి తొందరగా చనిపోవచ్చు. ఏళ్ళ తరబడి కారణం తెలియని ఆ జబ్బు వెనకున్న వైరస్‌ను 2012లో పరిశోధకులు గుర్తించారు. అలాగే తాబేలు పొట్టలో ఏ హానీ చెయ్యకుండా ఉండే ఒక రకం అమీబా, పాము పొట్టలోకి వెళితే ప్రాణం తీస్తుంది. కాబట్టి "తాబేలే కదా, పాము పెట్టెలో ఓ మూల ఉంటుందిలే" అని కూడా అనుకోవద్దు.

అందుకే కొత్త పామును తెచ్చినప్పుడు వేరే గదిలో, వేరే పెట్టెలో కనీసం రెండు మూడు నెలలు ఉంచి చూడాలట. ముందు పాత పాము పని చూసుకుని, ఆ తర్వాతే కొత్తదాన్ని ముట్టుకోవాలట. రెండూ కలిసి ఉంటే ఇంకో ఇబ్బంది. కక్కింది ఎవరు, విరేచనాలు ఎవరివి, తిననిది ఎవరు, ఏదీ తేల్చి చెప్పలేం. మందు ఎవరికి వెయ్యాలి?

మరి ఒకే జాతివైతే?

ఈ ప్రశ్న నేనే అడిగాను. ఒకే జాతి అయినా చోటు కోసం, తిండి కోసం పోటీ తప్పదు. పైగా ఆడ, మగ కలిస్తే సంతానం. కార్న్ స్నేక్ ఒక్క కాన్పులో డజనుకు పైగా గుడ్లు పెట్టగలదు. ఎదగని ఆడపాము గుడ్లు పెట్టాల్సి వస్తే దాని ప్రాణానికే ముప్పు. చిన్న వయసు కాన్పు ఎంత కష్టమో మనకు వేరే చెప్పాలా?

అలాగని పాములన్నీ ఏకాకులేనని చెప్పటానికి వీల్లేదు. అమెరికా, కెనడాల్లో గార్టర్ స్నేక్ అనే చిన్న పాములున్నాయి. కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో, నార్సిస్ అనే చోట సున్నపురాతి గుంటల్లో ఈ పాములు వేల సంఖ్యలో కలిసి చలికాలం గడుపుతాయి. వసంతం రాగానే అన్నీ కుప్పలు కుప్పలుగా బయటికొస్తాయి. చూడటానికి జనం వెళతారు! ఈ జాతి పాములు తమకు నచ్చిన కొన్ని పాముల పక్కనే చేరుతున్నాయని 2020లో కెనడా పరిశోధకులు ప్రకటించారు. కానీ గమనించండి. అక్కడ కూడా అన్నీ ఒకే జాతివి. వేరు వేరు జాతుల్ని కలిపి ఇంట్లో పెట్టుకోవటానికి ఇది సాక్ష్యం కాదు.

వంటిల్లు జాగ్రత్త

ఇక మన సామ్రాజ్యం సంగతి. ఒకరోజు కొబ్బరి తురుము కోసం ఫ్రీజర్ తెరిచాను. చేతికి ఒక పొట్లం తగిలింది. విప్పి చూస్తే గడ్డకట్టిన తెల్లెలుకలు! నా కేకకి అల్లుడుగారు మేడ మీంచి పరుగెత్తుకొచ్చారు.

ఇది నవ్వుకునే సంగతి మాత్రమే కాదు. పాములు, తొండలు, తాబేళ్ళ ఒంటి మీద, మలంలో సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండొచ్చు. పాముకి ఏమీ కాదు గానీ, మనిషికి వాంతులు, విరేచనాలు, జ్వరం తెప్పిస్తుంది. పాముకి పెట్టే ఎలుకల్లోనూ అది ఉండొచ్చు. ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన చావదు. అయిదేళ్ళలోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు, ఒంట్లో శక్తి తగ్గినవాళ్ళు ఉన్న ఇంట్లో పాముల్ని, తాబేళ్ళని పెంచవద్దని అమెరికా ఆరోగ్య అధికారులు చెబుతారు. మా అమ్మాయి రెండో బిడ్డకు మూడేళ్ళు, నాకు అరవై ఆరు. డాక్టరమ్మ ఈ మాట చెప్పగానే ఇంట్లో పద్ధతులన్నీ మారిపోయాయి. ఎలుకలకు గరాజ్‌లో చిన్న ఫ్రీజర్ పెట్టారు. పాము గిన్నెలు వంటింటి సింకులో కడగటం బంద్. పాము గదికి చంటిదాన్ని వెళ్ళనివ్వటం లేదు. పామును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగనిదే మనవడికి పళ్ళెం పెట్టలేదు నేను!

మన ఊళ్ళో అయితే?

మన పిల్లలు ఇక్కడే పామును పెంచుతామంటే? నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన దేశపు పాముల్ని పట్టి ఇంట్లో ఉంచుకోవటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతుల్ని పెంచేవాళ్ళు, 2022లో ఆ చట్టానికి చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. పెరట్లో పాము కనబడితే కొట్టకండి, పట్టకండి. అటవీశాఖకు కబురు పెట్టండి.

ఇవి గుర్తుంచుకోండి

• ఒక పాముకి ఒక పెట్టె. పాము ఒళ్ళంతా నిటారుగా చాచుకునేంత పొడవుండాలి.
• ప్రతి పెట్టెలో వెచ్చని పక్క ఒక గూడు, చల్లని పక్క ఒక గూడు, నీళ్ళ గిన్నె ఉండాలి. వేడి తెలిసే థర్మామీటర్, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి.
• ఎప్పుడు తిన్నది, ఎంత బరువుంది, ఎప్పుడు కుబుసం విడిచింది ఒక పుస్తకంలో రాయించండి. పాలవాడి లెక్క రాసినట్టే!
• "ప్రస్తుతానికి" అని కూడా రెండింటిని కలపకండి. రెండో పెట్టె కొనే వీలు లేకపోతే రెండో పాము వద్దనండి.
• కార్న్ స్నేక్ 15, 20 ఏళ్ళు, బాల్ పైథాన్ 20, 30 ఏళ్ళు బతుకుతాయి. పిల్లవాడు కాలేజీకి వెళ్ళిపోయాక చూసేదెవరో ముందే అడగండి.

ఇంతకీ సుబ్బారాయుడేమయ్యాడంటారా? ఆ సాయంత్రమే రెండో పెట్టె కొన్నారు. బంతిని అల్లుడుగారి ఆఫీసు గదిలోకి మార్చారు. పురుగులకు మందు వేశారు. అయినా సుబ్బారాయుడు వెంటనే తినలేదు. నేను తిరుగు ప్రయాణం అయ్యేనాటికీ మా వాడి మొహంలో బెంగే. హైదరాబాదులో దిగి ఫోను తెరవగానే వాడి గొంతు, "అమ్మమ్మా, తిన్నాడే! కక్కలేదు కూడా!"

మా చెల్లెలికి పంపిన ఆ ఫొటో ఇంకా నా ఫోన్లోనే ఉంది. ఎవరైనా చూసి "అబ్బ, ఎంత బాగా కలిసిపోయాయో" అంటే, ఈ కథంతా చెబుతున్నాను. మీకూ చెప్పాను. ఈసారి మీ మనవడో, మేనల్లుడో ఫోన్ చేసి "రెండో పామును తెస్తున్నా" అంటే భయపడకండి. "రెండో పెట్టె కొన్నావా నాన్నా?" అని మాత్రం అడగండి.